మంగాయమ్మ డిజిటల్స్ హెచ్.డి.లోకి మారిన వైనం

కూనపాలెంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, మిగతా ఊరు ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మంగాయమ్మ ఇంటివాళ్ళు నలుగురూ చెయ్యి ఎత్తేసేవాళ్ళు. నలుగురంటే మంగాయమ్మ, ఆవిడ పెద్దకొడుకు తాతబ్బాయి, చిన్నకొడుకు అబ్బులు, పెద్దకోడలు వరాలు. బస్టాండు ఎదురుగా వాళ్ళకో వీడియో స్టూడియో ఉండేది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా వాళ్ళే వీడియో తీసి, కంప్యూటర్లో కత్తిరించి, పాటలు కలిపి ఇచ్చేవాళ్ళు. గుమ్మం మీద పెద్ద బోర్డు, బోర్డు మీద మంగాయమ్మ ఫొటో, కింద 'మంగాయమ్మ డిజిటల్స్' అని పేరు.

"మన తెలివికి కారణం ఒకటేరా," అనేది మంగాయమ్మ భోజనాల దగ్గర. "ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మిగతావాళ్ళు మధ్యలో సొంతంగా ఆలోచిస్తారు. అక్కడే చెడతారు."

నిజమే. ఒకసారి సర్పంచి గారు ఫోన్ చేసి, "మా మనవరాలికి ఓణీల ఫంక్షన్, ముహూర్తం దాటిపోతోంది, ఉన్నపళంగా వచ్చెయ్యండిరా," అన్నారు. అప్పుడు అబ్బులు తలకి సబ్బు రుద్దుకుంటున్నాడు. అంతే, ఉన్నవాడు ఉన్నట్టే, నెత్తిన నురగతో, నడుముకి తువ్వాలుతో వెళ్ళి పందిట్లో నిలబడ్డాడు. కెమెరా ఏదిరా అని సర్పంచి గారు అడిగితే, "ఉన్నపళంగా రమ్మన్నారు కదండి. అప్పటికి నా చేతిలో కెమెరా లేదండి, చెంబుంది," అన్నాడు. ఆ రోజంతా మంగాయమ్మ ఇంట్లో వాణ్ణి మెచ్చుకుంటూనే ఉన్నారు.

అలాంటి ఇంటికి ఒక రోజు రైసుమిల్లు గవర్రాజు గారు వచ్చారు. ఆదివారం ఆయన షష్టిపూర్తి. వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"మా అమ్మ గురించేనయ్యా నా దిగులు," అన్నారు.

వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ గారికి ఎనభై నాలుగేళ్ళు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం దిగలేదు. పైగా చూపు మందగించింది. శుక్రవారం ఆవిణ్ణి ఆపరేషనుకి విశాఖపట్నం తీసుకెళ్ళాలి.

"'ఆ బల్ల మీంచి లేస్తానో లేవనో, నువ్వూ కోడలూ దండలు మార్చుకోవడం ఒక్కసారి చూసి వెళ్తాను నాయనా' అంటోంది. హాలుకి ఎలా తీసుకొస్తాను? అందుకే ఇంట్లో గోడంత టీవీ పెట్టించాను. మీరు ఎప్పట్లా మసకమసగ్గా కాదు, హెచ్.డి.లో తియ్యాలి. మొహాలు కడిగిన ముత్యాల్లా ఉండాలి. గురువారానికి నా చేతికి రావాలి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది. ఆదివారం పొద్దున్నే అబ్బులు కల్యాణమండపం గుమ్మంలో బకెట్టు, చెంబు, సబ్బుబిళ్ళ పెట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఆపి, మొహం కడిగి లోపలికి పంపించాడు. గవర్రాజు గారి వియ్యపురాలు గంటన్నర కూర్చుని వేయించుకున్న మేకప్ రెండు చెంబుల్లో పోయింది. ఆవిడ తిట్టబోతుంటే, మెళ్ళో ముత్యాల దండ కనబడి దాని మీద కూడా ఓ చెంబు పోశాడు. "ఇదే మెయిన్ అండి," అన్నాడు.

లోపల తాతబ్బాయి కాకినాడ నుంచి అద్దెకి తెచ్చిన హెచ్.డి. కెమెరాతో అంతా తీశాడు. చెప్పుకోవాలి, బాగానే తీశాడు. మొహాలు నిగనిగలాడుతున్నాయి.

సోమవారం కెమెరాలోంచి కార్డు తీసి స్టూడియోలో కంప్యూటర్లో పెట్టారు. అది తొమ్మిదేళ్ళనాటి కంప్యూటరు. తెర మీద గవర్రాజు గారు దండ ఎత్తారు. ఎత్తినవారు ఎత్తినట్టే ఉండిపోయారు. వరాలు లోపలికెళ్ళి కాఫీ కలుపుకొచ్చింది. అందరూ తాగారు. గ్లాసులు కడిగారు. అప్పటికి దండ ఒక బెత్తెడు కదిలింది.

"చెయ్యి లాగేస్తుంది పాపం ఆయనకి," అన్నాడు అబ్బులు.

కాకినాడలో కంప్యూటర్లు బాగుచేసే శామ్యూలు గారికి ఫోన్ చేశారు. ఆయన మంచివాడే. ఎప్పుడూ చుట్టూ పదిమంది ఉంటారు కాబట్టి గబగబా రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేస్తాడు, అదొక్కటే ఇబ్బంది.

"హెచ్.డి. ఫుటేజీ చాలా బరువయ్యా. మీ పాత సిస్టమ్ మొయ్యలేదు. ముందు దాన్ని బ్యాకప్ పెట్టుకో. ఆ కార్డు పోయిందంటే గవర్రాజు గారికి మళ్ళీ అరవై ఏళ్ళు రావు," అని పెట్టేశాడు.

తాతబ్బాయి కార్డు తీసుకుని పక్కనున్న బంగారం కొట్టుకి వెళ్ళి తూకం వేయించాడు. రెండు గ్రాములు కూడా తూగలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మంగాయమ్మ కళ్ళు చెమర్చాయి.

"రెండు గ్రాములు మొయ్యలేకపోతోందంటే ఎంత నీరసపడిపోయిందో చూడు. తొమ్మిదేళ్ళు చాకిరీ చేయించుకున్నారు. ఒక్క ఆదివారమైనా సెలవిచ్చారా దానికి?"

"మరి బ్యాకప్ అంటే ఏంటన్నయ్యా?" అన్నాడు అబ్బులు.

"బ్యాక్ అంటే వీపు. అప్ అంటే పైన. వీపు మీద పైన పెట్టుకోమన్నాడు."

అంతే. అబ్బులు చొక్కా విప్పి వంగి నిలబడ్డాడు. వరాలు ఆ కార్డుని వాడి రెండు భుజాల మధ్య పెట్టి, దెబ్బలకి వేసే ప్లాస్టరు అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు అంటించింది. ఇక ఎలా పడుకోవాలో కూడా చెప్పారు, బోర్లా.

తాతబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు. "శామ్యూలు గారూ, మన సిస్టమ్‌కి బలం రావాలంటే ఏం చెయ్యాలండి?"

"ముందు మదర్‌బోర్డు మార్చాలి. పాతది తీసేసి పెద్దది పెట్టాలి. తరవాత మెమరీ పెంచాలి." ఫోన్ పెట్టేశాడు.

నలుగురూ గుమ్మంలోకొచ్చి తలెత్తి పైనున్న బోర్డు చూశారు.

"నా బోర్డు తీసెయ్యమన్నాడా?" అంది మంగాయమ్మ. "నా పేరు పెట్టుకునే కదరా ఇన్నాళ్ళూ నాలుగు మెతుకులు తిన్నారు. ఇప్పుడు నేను పాతదాన్నయ్యానా?"

"ఏమండీ," అంది వరాలు నెమ్మదిగా, "ఆయన మార్చమన్నది బోర్డునా, మదర్నా? మదర్నైతే మా అమ్మ ఖాళీగానే ఉంది. అత్తయ్య కంటే ఏడేళ్ళు చిన్నది. కొత్తదనే అనుకోవచ్చు."

ఆ మధ్యాహ్నం మంగాయమ్మ అన్నం ముట్టలేదు. తాతబ్బాయి వీధిలో అటూ ఇటూ నడిచి, బాగా ఆలోచించి, ఇద్దరికీ నచ్చే తీర్పు చెప్పాడు. మదర్ పాతదే ఉంటుంది, బోర్డు మాత్రం మారుతుంది. పెయింటర్ని పిలిపించి, పాతదానికి రెండింతలున్న బోర్డు రాయించి, మంగాయమ్మకి పట్టుచీర కట్టబెట్టి కొత్త ఫొటో తీసి అంటించారు. ఆవిడ వీధి అవతలకి వెళ్ళి చూసుకుంది.

"ఇప్పుడు నేనూ హెచ్.డి.లో ఉన్నాను," అని అప్పుడు అన్నం తింది.

లోపలికెళ్ళి చూస్తే, కార్డు తీసేసినా తెర మీద అలాగే బిగుసుకుపోయి ఉన్న గవర్రాజు గారి దండ మరో బెత్తెడు కూడా కదల్లేదు.

"ఇంకా మెమరీ పెంచలేదు కదా," అన్నాడు అబ్బులు.

ఆ సంగతి మంగాయమ్మకి కొట్టినపిండి. జ్ఞాపకశక్తికి సరస్వతి లేహ్యాన్ని మించింది లేదు. అది తినే అబ్బులు పదో తరగతి పరీక్ష నాలుగు సార్లు రాయగలిగాడు. డబ్బాలో ఇంకా సగం మిగిలే ఉంది. కంప్యూటరుకి నోరెక్కడుందా అని వెతికితే వరాలే కనిపెట్టింది. బటను నొక్కితే, సీడీ పెట్టుకునే పళ్ళెం నాలికలా బయటికొస్తుంది. దాని మీద రెండు చెంచాల లేహ్యం పెట్టి మళ్ళీ నొక్కారు. నాలిక లోపలికి పోయింది.

"మింగింది," అన్నాడు తాతబ్బాయి.

సాయంత్రం మరో రెండు చెంచాలు, రాత్రి పడుకోబోయే ముందు ఇంకో రెండు. మంగళవారం పొద్దున్న లేహ్యం పెడదామని బటను నొక్కితే నాలిక మీద లేహ్యం కనబడలేదు. చీమలు కనబడ్డాయి. సందుసందులోంచీ బారులు తీరి లోపలికి పోతున్నాయి. లోపల ఏదో చిటపటమంటోంది.

"శామ్యూలు గారూ," అన్నాడు తాతబ్బాయి ఫోన్లో, "సిస్టమ్ లోపల ఏదో తిరుగుతోందండి. ఒకటీ రెండూ కాదండి, వేలకి వేలు."

"వైరస్ అయ్యుంటుందయ్యా. ఆలస్యం చెయ్యకు. వెంటనే స్కానింగ్ చేయించు."

ఇంకేముంది. కంప్యూటరుకి చలిగాలి తగలకుండా శాలువా కప్పి, ఆటోలో వరాలు ఒళ్ళో పెట్టుకుని, టౌనులో ఉన్న స్కానింగ్ సెంటరుకి బయల్దేరారు. మంగాయమ్మ దారంతా "మెల్లిగా పోనీ బాబూ, గతుకులు చూసుకో," అంటూనే ఉంది. అక్కడ లోపలంతా నెలలు నిండిన ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చునున్నారు. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా రాసుకుంటోంది.

"పేషెంటు పేరు?"

"సిస్టమ్ అండి," అన్నాడు తాతబ్బాయి.

"సీతమ్మ," అని రాసుకుంది. "వయసు?"

"తొమ్మిది నిండాయండి."

"నెలలు కదా. ఏంటి ఇబ్బంది?"

"పొట్టలో ఏదో తిరుగుతోందండి. బరువు మొయ్యలేకపోతోందండి."

"తిరగడం మంచిదే. ఏమైనా తిందా?"

"నిన్న ఆరు చెంచాల లేహ్యం అండి."

"సరే. లీటరు నీళ్ళు తాగించి కూర్చోబెట్టండి. పొట్ట నిండా నీళ్ళుంటేనే లోపల కనబడుతుంది. పేరు పిలుస్తాం."

అబ్బులు లీటరు సీసా పట్టుకొచ్చాడు. కరెంటు లేదు కాబట్టి బటను నొక్కినా నాలిక రాలేదు. "మొండికేసిందన్నయ్యా," అన్నాడు. మంగాయమ్మది మొండికేసిన పిల్లలకి మందు పట్టిన చెయ్యి. కంప్యూటర్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, పక్కనున్న చిల్లుల్లోంచి బొట్టుబొట్టుగా లీటరూ పట్టేసింది. తరవాత లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. కాసేపటికి కింద నుంచి నీళ్ళు కారడం మొదలెట్టాయి. నీళ్ళతో పాటు చీమలు కూడా.

"ఆపుకోలేకపోతోంది పాపం," అంది వరాలు.

"సీతమ్మ ఎవరు?" అంటూ డాక్టరమ్మ గారే బయటికొచ్చింది. నలుగురూ శాలువా తీసి చూపించారు. ఆవిడ కంప్యూటర్ని చూసింది, నీళ్ళు చూసింది, చీమల్ని చూసింది, ఆ నలుగురి మొహాలూ చూసింది.

"నేను చెయ్యగలిగింది ఏమీ లేదమ్మా. ఇంటికి తీసుకెళ్ళిపోండి," అంది.

డాక్టర్లు ఆ మాట ఎప్పుడంటారో మంగాయమ్మకి తెలుసు. శాలువా మళ్ళీ కప్పి ఆటో ఎక్కించారు. ఇంటికి తీసుకొచ్చి చివరి ఆశగా ప్లగ్గు పెట్టారు. టప్ మంది. సన్నగా ఓ పొగ లేచింది. అంతే.

తాతబ్బాయి శామ్యూలు గారికి ఫోన్ చేశాడు. "డాక్టరు గారు ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారండి. ఇంటికి రాగానే పోయిందండి."

"అయ్యో, ఎవరయ్యా?"

"సిస్టమేనండి. చివరి దాకా నీళ్ళు అడగలేదండి, మేమే పట్టాం."

ఈసారి శామ్యూలు గారు ఫోన్ పెట్టెయ్యలేదు. "తాతబ్బాయ్, నువ్వు ఏమీ చెయ్యకు. ఎవర్నీ ఏమీ చెయ్యనివ్వకు. నేనే వస్తున్నాను," అన్నాడు.

బుధవారం పొద్దున్నే వ్యానులో కొత్త సిస్టమ్ వేసుకుని వచ్చాడు. అన్నీ చకచకా బిగించాడు. కార్డు ఇమ్మంటే అబ్బులు చొక్కా విప్పి వీపు తిప్పాడు. ప్లాస్టర్లు ఊడబెరుకుతుంటే వాడు పెట్టిన కేక బస్టాండు దాకా వినబడింది. కార్డు అక్కడెందుకుందని శామ్యూలు గారు అడగలేదు. అప్పటికే ఆయన అడగడం మానేశాడు.

కార్డు పెట్టగానే తెర మీద గవర్రాజు గారు దండ ఎత్తారు, వేశారు, ఆయన భార్య వేసింది, అక్షింతలు పడ్డాయి. అన్నీ నీళ్ళు జారినట్టు జారిపోయాయి. మంగాయమ్మ తెరకి దణ్ణం పెట్టింది.

"ఇక రెండే పనులు," అన్నాడు శామ్యూలు గారు వ్యానెక్కుతూ. "కొత్త డ్రైవర్ వేసుకో. డ్రైవర్ లేకపోతే మధ్యలో ఆగిపోతుంది. ఎడిటింగ్ అయ్యాక రెండరింగ్ పెట్టు, ముక్కలన్నీ కలిసి ఒక్క వీడియో అవుతుంది. తెర మీద వంద అని పడేదాకా మీరెవరూ కదలొద్దు, ఇటుది అటు చెయ్యొద్దు."

తాతబ్బాయి తిన్నగా లారీల స్టాండుకి వెళ్ళి, ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న నూకరాజుని మాట్లాడుకొచ్చాడు. నూకరాజు వచ్చి కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. రెండు కాళ్ళతో కింద తడిమి చూసుకున్నాడు.

"లోడేంటి?" అన్నాడు.

"షష్టిపూర్తండి," అన్నాడు తాతబ్బాయి.

"ఎక్కడ దింపాలి?"

"అచ్చియ్యమ్మ గారి గదిలోనండి. రేపటికల్లా."

"రోడ్డు బాగుంటే సాయంత్రానికే దింపేస్తాను. బ్రేకెక్కడ?"

బ్రేకెక్కడో ఎవరికీ తెలియలేదు. అయినా నూకరాజు అనుభవజ్ఞుడు కాబట్టి కంగారుపడలేదు. తాతబ్బాయి పక్కన స్టూలు మీద కూర్చుని ఎడిటింగ్ చేస్తూంటే, నూకరాజు రెండు చేతులతో కీబోర్డు అంచులు పట్టుకుని తెరవైపు చూస్తూ, "ఎడం పక్క ఖాళీ, పోనీ పోనీ. ఆ పంతులు గారు అడ్డమొస్తున్నారు, కాస్త ఆపు. ఆ, రైట్," అంటూ చెప్పాడు. పని బ్రహ్మాండంగా సాగింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. శామ్యూలు గారు చెప్పింది నిజమేనని అందరూ అనుకున్నారు.

మధ్యాహ్నం తాతబ్బాయి రెండరింగ్ బటను నొక్కాడు. నొక్కి, "ఎవరూ కదలొద్దు," అన్నాడు.

అంతే. తాతబ్బాయి వేలు బటను మీదే ఉండిపోయింది. అబ్బులు ప్లాస్టరు ఊడిన చోట గోక్కుంటున్నాడు, చెయ్యి వెనక్కి పెట్టినవాడు పెట్టినట్టే ఉన్నాడు. వరాలు మజ్జిగ గ్లాసు నూకరాజుకి అందించబోతోంది, ఆ గ్లాసు గాల్లోనే ఉంది. మంగాయమ్మ బూజు దులపడానికి చీపురు ఎత్తింది, ఎత్తినట్టే నిలబడింది. తెర మీద మూడు అని పడింది. తరవాత నాలుగు.

పాస్‌పోర్టు ఫొటోకని ఒకాయన వచ్చాడు. వచ్చి, వీళ్ళని చూసి, షోకి పెట్టిన బొమ్మలనుకుని కాసేపు మెచ్చుకుంటూ చూసి వెళ్ళిపోయాడు. ఈగ ఒకటి నూకరాజు ముక్కు మీద వాలి, మీసం దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది. నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ముప్ఫై ఏళ్ళ అనుభవం, స్టీరింగు వదల్లేదు.

తొంభై ఆరు పడేసరికి గవర్రాజు గారు వచ్చారు.

"ఎంతవరకు వచ్చిందిరా?" అన్నారు. ఎవరూ పలకలేదు. "ఏమైందిరా మీకు?" అంటూ ఒక్కొక్కరి మొహంలోకీ తొంగి చూశారు. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. ఆయనకి భయమేసింది. మంగాయమ్మ దగ్గరికెళ్ళి, "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడుగుతూండగా తెర మీద వంద పడింది.

అందరూ ఒక్కసారే కదిలారు. చీపురు గవర్రాజు గారి నెత్తిన పడింది. మజ్జిగ నూకరాజు ఒళ్ళో పడింది. అబ్బులు తృప్తిగా గోక్కున్నాడు.

"అయిపోయిందండి. హెచ్.డి.," అన్నాడు తాతబ్బాయి.

గురువారం పొద్దున్న అచ్చియ్యమ్మ గారి మంచాన్ని టీవీకి రెండడుగుల దూరంలోకి జరిపారు. వెనక నాలుగు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. మంగాయమ్మ ఇంటివాళ్ళు నలుగురూ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. తెర మీద కొడుకు మొహం నిండుగా వచ్చేసరికి ఆ ముసలావిడ ముందుకి వంగింది. ఏడాదిగా ఆవిడకి ఎవరి మొహమూ సరిగ్గా కనబడలేదు.

"వీడికి గడ్డం నెరిసిందే," అంది. "నాకెవరూ చెప్పలేదు."

గవర్రాజు గారు తల వంచుకున్నారు. తెర మీద దండలు మార్చుకున్నారు, అక్షింతలు పడ్డాయి. ఆవిడ కుడిచెయ్యి గాల్లోకి లేచి, లేని అక్షింతలు వేసింది.

"హోమం దగ్గర ఎంత చెమట పట్టేసిందో వాడికి. ఎవరైనా మొహం తుడవండమ్మా," అంది.

అంతే. అబ్బులు భుజం మీద తువ్వాలు తీసుకుని గబగబా వెళ్ళి, టీవీలో గవర్రాజు గారి మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా శుభ్రంగా తుడిచాడు. కొత్త టీవీ మీద వారం రోజుల మిల్లు దుమ్ముంది. అది పోయింది.

"ఆ, ఇప్పుడు బాగున్నాడు," అంది అచ్చియ్యమ్మ గారు. ఇక ఎవరేం మాట్లాడినా వినిపించుకోకుండా చివరిదాకా చూసింది.

గవర్రాజు గారు బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. టీవీలోంచి తీసిన చిన్న పెన్‌డ్రైవ్‌ని మంగాయమ్మ చేతిలో పెట్టారు.

"రేపు ఆస్పత్రికి వెళ్తున్నాం. అక్కడి హడావిడిలో ఎక్కడైనా పారేస్తాను. అమ్మ తిరిగొచ్చాక మళ్ళీ చూస్తానంటోంది. ఇది ఎన్నాళ్ళైనా పాడవకుండా నిలవ ఉండాలి. అది మీ పూచీ."

"నిలవ సంగతి నాకు వదిలెయ్యండి బాబూ," అంది మంగాయమ్మ. "ఈ ఊళ్ళో ఆ విద్యలో నా తరవాతే ఎవరైనా."

ఆపరేషను బాగానే జరిగింది. మూడు వారాలకి అచ్చియ్యమ్మ గారు చేతికర్రతో నాలుగడుగులు వేసింది కూడా. ఇంటికి రాగానే మొదట అడిగింది కొడుకు వీడియోనే. గవర్రాజు గారు కారు వేసుకుని తిన్నగా స్టూడియోకి వచ్చారు.

"అమ్మ ఎదురుచూస్తోంది. పెన్‌డ్రైవ్ ఇవ్వండమ్మా," అన్నారు.

మంగాయమ్మ లోపలికెళ్ళి రెండు చేతులతో జాగ్రత్తగా ఒక జాడీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. మూతికి కట్టిన గుడ్డ విప్పింది. పొడిచెయ్యేనా కాదా అని ఒకసారి చూసుకుని, గరిటె పెట్టి అడుగు నుంచి తిరగేసింది. ఎర్రటి నూనె ఓడుతున్న పెన్‌డ్రైవ్‌ని పైకి తీసి, ఆవగుండ దులిపి, వెలుతురులో పట్టుకుని, రెండు వేళ్ళతో నొక్కి చూసింది.

"అమ్మగారిని ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టమనండి బాబూ," అంది. "ఉప్పూ కారం బాగానే పట్టాయి. ముక్కే ఇంకా మెత్తబడలేదు."